హిమాయత్ సాగర్ చూసొద్దామా?

శంషాబాద్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది విమానాశ్రయమే! అబ్బాయినో, అమ్మాయినో అమెరికా విమానం ఎక్కించడానికి ఇంటిల్లిపాదీ కారెక్కి వస్తాం. లోపలికి వెళ్ళేదాకా చెయ్యి ఊపుతాం. కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన దారినే ఇంటికి మళ్ళుతాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే పక్కనే పొడుగాటి కట్ట, దాని వెనక కనుచూపు మేర నీళ్ళు కనిపిస్తాయి. "అదేంటమ్మా?" అని పిల్లలడిగితే "ఏదో చెరువులే" అనేస్తాం.

ఆ 'ఏదో చెరువు' పేరు హిమాయత్ సాగర్. 1927లో పూర్తయింది. అప్పట్నుంచీ హైదరాబాద్ దాహం తీరుస్తోంది. "గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ వదిలి వెళ్ళరు" అంటారు కదా, ఆ గండిపేట చెరువుకి ఇది తోబుట్టువు.

ఊరినుంచి చుట్టాలొస్తే చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు తిప్పి చూపిస్తాం. అవన్నీ చూసేసిన వాళ్ళని, ఇంకా ముఖ్యంగా మన పిల్లల్ని, ఈసారి ఒక రోజు ఇటు తీసుకురండి. చెరువు, పాత గుడి, కొత్త విగ్రహం, బాలాజీ దర్శనం, మర్రిచెట్ల నీడ అన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. మనం రోజూ బిందెలో పట్టుకునే నీళ్ళ కథ కూడా ఇక్కడే తెలుస్తుంది.

వరదే మూలం

హైదరాబాద్‌ది మెట్టప్రాంతం. ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 80 సెంటీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురిసిపోతుంది. మిగతా నెలలన్నీ ఎండలూ, రాళ్ళూ, దుమ్మే. అందుకే ఈ ప్రాంతం వాళ్ళు ఊరూరా చెరువులు తవ్వుకున్నారు. ఎండాకాలంలో ఒక్కసారి ఆవకాయ పెట్టుకుని ఏడాదంతా వాడుకోమూ మనం? అలాగే నాలుగు నెలల వానని దాచిపెట్టుకుని పన్నెండు నెలలు వాడుకోవడమన్నమాట.

అయితే 1908 సెప్టెంబర్ 28న ఆ వానే ముంచేసింది. మూసీనది పొంగి నగరంలోకి వచ్చిపడింది. ఆ వానని కొలిచిన కేంద్రాల్లో ఒకటి మన శంషాబాద్! ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాల వాన పడిందిక్కడ. ఎగువనున్న చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగి, రెండొందలకి పైగా గండ్లు పడ్డాయి. ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఊరిమీద పడ్డాయి. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ళముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. ఆ రోజు దానిమీదకి ఎక్కినవాళ్ళు 150 మంది దాకా బతికి బయటపడ్డారు.

అప్పటి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మూసీ ఒడ్డుకి వచ్చి, పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించి, హారతిచ్చి, శాంతించు తల్లీ అని వేడుకున్నాడని పాతబస్తీలో ఈనాటికీ కథగా చెప్పుకుంటారు.

నది శాంతించాక అసలు పని మొదలైంది. మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చెయ్యాలో చెప్పమని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన ఊళ్ళో గోడలు కట్టడంతో సరిపెట్టలేదు. నగరానికి ఎగువనే మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టమన్నారు. వానలప్పుడు వరదని ఆపుతాయి, ఎండలప్పుడు తాగునీళ్ళిస్తాయి. ఒక్క దెబ్బకి రెండు పనులు! మూసీ మీద కట్టిన ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927కి తయారైంది. ఈ పనుల్లో నిజాం ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పాత్ర చాలా పెద్దది. ఆయన పుట్టినరోజు జూలై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజు సెప్టెంబర్ 15న దేశమంతా జరుపుకుంటుంది. మీ పిల్లలెవరైనా ఇంజనీరింగ్ చదువుతుంటే ఈ ఇద్దరి పేర్లూ తప్పకుండా చెప్పండి.

ఎవరీ హిమాయత్?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి చెరువుకి తన పేరే పెట్టుకున్నాడు. రెండోదానికి కొడుకు పేరు పెట్టాడు. ఆ కొడుకే హిమాయత్ అలీఖాన్. ఆజం జా అన్న బిరుదుతోనే లోకానికి ఎక్కువ తెలుసు. 1931లో ఆయన పెళ్ళి ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో జరిగింది. పెళ్ళికూతురు దుర్రె షెహవార్, టర్కీ చివరి ఖలీఫా కూతురు. హైదరాబాద్‌లో ఆవిడ పేరుమీద పిల్లల ఆస్పత్రి కూడా ఉంది. నీటి చెరువు వెనక ఇంత రాచరికపు కథ ఉందని ఎవరనుకుంటారు?

కట్ట దగ్గర ఏం చూడాలి?

ముందుగా కట్టనీ, గేట్లనీ చూడండి. మొత్తం 17 గేట్లు. చెరువు పూర్తి మట్టం సముద్రమట్టానికి 1,763.50 అడుగులు. నిండితే దాదాపు 3 టీఎంసీలు, అంటే సుమారు 8,400 కోట్ల లీటర్ల నీళ్ళు! ఇక్కడి నీళ్ళు మీరాలం దగ్గరున్న ఫిల్టర్ బెడ్స్‌కి వెళ్ళి, శుభ్రపడి, పాతబస్తీ వైపు ఇళ్ళకి చేరతాయి. గండిపేట నీళ్ళు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కి వెళ్తాయి. చెరువులు ఎత్తుమీద, ఊరు పల్లంలో ఉండడంవల్ల నీళ్ళు వాటంతటవే పారేలా ఆ రోజుల్లోనే ఏర్పాటు చేశారు. ఇప్పుడు నగరానికి నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం మోటార్లతో తోడి తెస్తున్నారు. గోదావరి నీళ్ళదీ అదే కథ. ఆ కరెంటు ఖర్చు ఊహించుకుంటే ఈ చెరువుల విలువ తెలుస్తుంది. వంటింట్లో నెలవారీ లెక్కలు చూసుకునే మనకి ఇది వేరే చెప్పాలా?

సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య వెళ్తే బావుంటుంది. నీళ్ళమీద ఎండ పల్చబడి చల్లటి గాలి వీస్తుంటుంది. కొంగలు, నీటికాకులు, బాతులు కనిపిస్తాయి. చలికాలంలో దూరదేశాల నుంచి వలస పక్షులు కూడా దిగుతాయి. బైనాక్యులర్స్ ఉంటే వెంట తీసుకెళ్ళండి. దూరంగా ఎగిరే విమానాల్ని చూస్తూ పిల్లలు కాలక్షేపం చేసేస్తారు. చుట్టూ ఉన్న గుండ్రాళ్ళ గుట్టల్ని కూడా చూపించండి. ఈ దక్కన్ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు!

ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. నీళ్ళలోకి దిగొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు. ఒడ్డున లోతు లేనట్టే ఉంటుంది, కానీ అడుగున బురద, గుంతలు. ఈత వచ్చినవాళ్ళు కూడా మోసపోతారు. కట్టమీద ఎంతవరకూ వెళ్ళనిస్తే అంతవరకే వెళ్ళండి.

అమ్మపల్లి కోనేరు

శంషాబాద్ నుంచి కాస్త లోపలికి, నర్కూడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. ఏడంతస్తుల గాలిగోపురం దూరం నుంచే స్వాగతం చెబుతుంది. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో, మకరతోరణంతో సహా మలిచి ఉంటారు. హనుమంతుడు వాళ్ళతోపాటు కాకుండా ఎదురుగా విడిగా ఉంటాడు. ఈ గుడిని మీరెప్పుడూ చూడలేదనుకుంటే పొరపాటే! సినిమాల్లో ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఇక్కడ ఇన్ని షూటింగులు జరిగాయి గనుకే దీనికి 'సినిమా గుడి' అని పేరొచ్చింది.

గుడితోపాటు కోనేరుని కూడా తీరిగ్గా చూడండి. రాతిమెట్లు, మండపాలు, చుట్టూ చెట్లు. హిమాయత్ సాగర్ కట్టక ముందు నుంచే ఈ నేలమీద వాననీళ్ళు ఎలా దాచుకునేవారో ఈ మెట్లు చెబుతాయి. పిల్లలకి చరిత్ర పాఠం పుస్తకం లేకుండా అయిపోతుంది. శ్రీరామనవమికి ఇక్కడ కళ్యాణం ఘనంగా జరుగుతుంది. ఆ రోజు రద్దీ ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజు ఉదయం పూట వెళ్ళండి.

ముచ్చింతల్‌లో రామానుజులు

శంషాబాద్ దాటి వెళ్తే ముచ్చింతల్. శ్రీ త్రిదండి చినజీయర్ స్వామి ఆశ్రమంలో 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రధాని నరేంద్ర మోదీ ఆవిష్కరించారు. కూర్చున్న భంగిమలో ఉన్న ఈ విగ్రహానికి 'సమతామూర్తి' అని పేరు. లోపల 120 కిలోల బంగారంతో చేసిన చిన్నవిగ్రహం కూడా ఉంది. రామానుజులు 120 ఏళ్ళు జీవించారని చెబుతారు, దానికి గుర్తుగా అన్ని కిలోలు. చుట్టూ 108 దివ్యదేశాల ఆలయాల నమూనాలు కట్టారు. శ్రీరంగం, తిరుపతి మొదలుకుని అన్నీ ఒకేచోట చూడొచ్చు. దూరప్రయాణాలు చెయ్యలేని అత్తయ్యలకీ, అమ్మమ్మలకీ ఇది పెద్ద వరమే.

ఇక్కడ నడక ఎక్కువ, ఎండా ఎక్కువే. రాతినేల కాలుతుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ తీసుకెళ్ళండి. టికెట్లు, వేళలు, సెలవురోజు ముందే కనుక్కుని బయల్దేరండి.

వీసా బాలాజీ, మర్రిచెట్ల దారి

హిమాయత్ సాగర్‌కి అటువైపు, అప్పా జంక్షన్ మీదుగా వికారాబాద్ రోడ్డు పట్టుకుంటే చిలుకూరు వెళ్ళొచ్చు. గండిపేట చెరువు పక్కన ఉన్న ఈ బాలాజీ గురించి తెలియనివాళ్ళెవరు? ముసలితనంలో తిరుపతి వెళ్ళలేకపోయిన ఒక భక్తుడి కోసం స్వామే ఇక్కడికి వచ్చాడని స్థలపురాణం. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. చేతిలో కాగితం, పెన్నూ పట్టుకుని లెక్కపెట్టుకుంటూ వందలమంది తిరుగుతుంటారు. హుండీ ఉండదు. వీఐపీ దర్శనమూ ఉండదు. కలెక్టరుగారైనా, కూలిపని చేసుకునే తల్లయినా ఒకటే వరస. అమెరికా వీసాల కోసం మొక్కుకునేవాళ్ళు ఎక్కువైపోయి 'వీసా బాలాజీ' అయ్యాడు స్వామి. వీసా ఇప్పించేదీ ఈ దారిలోనే, విమానం ఎక్కేదీ ఈ దారిలోనే!

చిలుకూరులోనే మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. చుక్కల జింకలు కనిపిస్తే పిల్లల ఆనందానికి అంతుండదు. జంతువులకి తినుబండారాలు మాత్రం వెయ్యొద్దు. ఇక చేవెళ్ళ వైపు వెళ్ళే రోడ్డుకి రెండువైపులా వందల మర్రిచెట్లు గొడుగు పట్టినట్టు నిలబడి ఉంటాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఇవి పోతాయని ప్రకృతిప్రేమికులు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ నీడలో కాసేపు ప్రయాణం చేసి చూడండి, వాళ్ళ బాధేంటో మీకే అర్థమవుతుంది.

తిరుగు ప్రయాణంలో సంగమం

నగరంలోకి తిరిగి వచ్చేటప్పుడు లంగర్‌హౌజ్‌లో బాపూఘాట్ దగ్గర ఆగండి. ఉస్మాన్ సాగర్ దాటి వచ్చిన మూసీ, హిమాయత్ సాగర్ దాటి వచ్చిన ఈసీ ఇక్కడే కలుస్తాయి. 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన పుణ్యస్థలం ఇది. కానీ నీళ్ళ వంక చూస్తే మనసు చివుక్కుమంటుంది. కొన్ని కిలోమీటర్ల ఎగువన మనం చూసొచ్చిన ఆ తేటనీళ్ళేనా ఇవి అనిపిస్తుంది. నిజాం హారతిచ్చాడని చెప్పుకునే నదిలోకి ఊరి మురుగంతా వదులుతున్నాం. పిల్లలకి ఈ రెండూ ఒకే రోజు చూపించండి. మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

జాడీలో తడిచెయ్యి పెట్టకూడదు

ఆవకాయ జాడీలో ఎవరైనా తడిచెయ్యి పెడితే ఊరుకుంటామా? ఇల్లు ఎగిరిపోయేలా కేకలేస్తాం. ఈ చెరువుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరమని 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. చూశారా, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు! రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకూడదని దాని సారాంశం. ఆ పరిధిలో ఒక ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చిన కేసులో, 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదని తీర్పు చెప్పింది. లక్షలమంది తాగే నీళ్ళకన్నా ఏ ఫ్యాక్టరీ ఎక్కువ కాదన్నమాట.

తర్వాత నగరం పెరిగింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. భూముల ధరలు ఆకాశాన్నంటాయి. "మా పొలం మేం అమ్ముకోకూడదా? ఇన్నేళ్ళూ మేమే నష్టపోవాలా?" అని ఆ 84 గ్రామాల రైతులు అడిగారు. అందులోనూ న్యాయం లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు జీవో తెచ్చి, నీళ్ళ నాణ్యత చెడకూడదన్న షరతుమీద ఆంక్షలు తొలగిస్తున్నామంది. వాదోపవాదాలు కోర్టుల దాకా వెళ్ళాయి.

ఎవరిది ఒప్పో తేల్చడం మన పని కాకపోవచ్చు. కానీ చెరువులోకి నీళ్ళు మోసుకొచ్చే వాగులమీద ఇళ్ళు లేస్తే, చెరువు ఉన్నా అందులోకి నీళ్ళు రావు. వచ్చినా తాగడానికి పనికిరావు. మరో సంగతి, వరద భయం ఇంకా పోలేదు. 2020 అక్టోబర్‌లో పెద్దవానలకి దాదాపు పదేళ్ళ తర్వాత హిమాయత్ సాగర్ గేట్లెత్తారు. 2025 సెప్టెంబర్ చివర్లో రెండు జలాశయాల గేట్లూ ఎత్తినప్పుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. 1908 పాఠం ఇంకా పాతబడలేదు.

ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

ఆగస్టు నుంచి జనవరి దాకా మంచి సమయం. వానాకాలం చివర్లో చెరువు నిండుగా ఉంటుంది. గేట్లెత్తారని వార్త వస్తే మాత్రం ఆ రోజు ప్రయాణం మానుకోండి. కట్ట కింద సర్వీసు రోడ్డు మూసేస్తారు. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట అసలు వద్దు.

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకి పైగా పొడవున్న పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఉంది. అక్కణ్ణుంచి శంషాబాద్ దగ్గరే. గచ్చిబౌలి వైపు వాళ్ళకి ఔటర్ రింగ్ రోడ్డు అనుకూలం. ఔటర్ మీద ఫోటోల కోసం కారు ఆపడం ప్రమాదం, నేరం కూడా. కిందికి దిగి వెళ్ళండి. చిలుకూరుకి మెహిదీపట్నం నుంచి సిటీబస్సులున్నాయి. తెలంగాణ ఆడవాళ్ళకి 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. గుర్తింపు కార్డు మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవడం మర్చిపోవద్దు. కారు ఉన్నవాళ్ళయితే పొద్దున్నే అమ్మపల్లి, తర్వాత ముచ్చింతల్, సాయంత్రం హిమాయత్ సాగర్ అని ఒక రోజు పెట్టుకోండి. చిలుకూరు, మృగవని, బాపూఘాట్ ఇంకో రోజు. అన్నీ ఒకే రోజు చూద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు.

టిఫిన్ క్యారియర్‌లోకి సర్వపిండి

పులిహోర, పెరుగన్నం ఎలాగూ ఉంటాయి. పెరుగన్నం సాయంత్రానికి పులవకుండా ఉండాలంటే అన్నం మెత్తగా మెదిపి, పాలు ఎక్కువ పోసి, చల్లారాక ఒక్క చెంచా పెరుగు వెయ్యండి. వాటికి తోడు ఈసారి తెలంగాణ సర్వపిండి చేసి చూడండి. చల్లారినా రుచి తగ్గదు. చేత్తో తుంచుకు తినొచ్చు, ప్లేట్లు కూడా అక్కర్లేదు.

రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు గుప్పెడు, వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు అర గ్లాసు, నువ్వులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, తగినంత ఉప్పు, కారం వేసి నీళ్ళతో గట్టిగా కలపండి. మందపాటి గిన్నెకి లోపల నూనె రాసి, ఈ ముద్దని పల్చగా ఒత్తండి. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వెయ్యండి. మూతపెట్టి సన్నసెగ మీద అడుగు ఎర్రగా వచ్చేదాకా ఉంచండి. రెండోది ఒత్తేముందు గిన్నె పూర్తిగా చల్లారాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది.

భోజనాలకి థర్మోకోల్ ప్లేట్లు కొనకండి. మోదుగాకు విస్తళ్ళు తీసుకెళ్ళండి. ఇంటినుంచి ఒక గోనెసంచి కూడా పట్టుకెళ్ళి, చెత్తంతా అందులో వేసి వెనక్కి తెచ్చెయ్యండి. గాలికెగిరిన ఒక్క చిప్స్ కవరు కూడా చివరికి చేరేది చెరువులోకే. అంటే ఎవరో ఒకరి ఇంటి బిందెలోకే.

కార్తీకమాసం వనభోజనాలకి ఈ ఏడాది ఎక్కడికా అని ఆలోచిస్తున్నారా? అయితే ఇంకేం! సర్వపిండికి బియ్యప్పిండి పట్టించుకోండి. పక్కింటివాళ్ళని కూడా పిలవండి. ఈసారి పిల్లలు "అదేంటమ్మా?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర బోలెడంత కథ ఉంది కదా!